సమాధుల గోడ ముందు కోన్లు

రోడ్డు పని చేసేవాళ్ళకి ఏప్రిల్ అంటే గుంతల నెల. చలికాలమంతా మంచు కింద అణిగిమణిగి పడున్న తారు, నాలుగు రోజులు ఎండ తగిలేసరికి పెచ్చులుగా లేచిపోతుంది. అల్మాతీ నగరం నుంచి ఉత్తరానికి పోయే నాలుగు లేన్ల రోడ్డు మీద తోక్తర్ మేస్త్రీ ఇరవయ్యారేళ్ళుగా ఆ పెచ్చులు తవ్వి గుంతలు పూడుస్తున్నాడు. పని తెలిసినవాడు. తెలుసన్న సంగతి తనకి మరీ బాగా తెలిసినవాడు. కాగితం మీద గీతలు గీసే ఇంజనీర్లంటే మొదట్నుంచీ అతనికి చిన్నచూపే.

ఆ శుక్రవారం పని పెద్దదేం కాదు. ఊరి ఖబరస్తాను దాటాక మూడొందల మీటర్ల దూరంలో, కుడి లేన్‌లో, అయిదు గుంతలు. గంటన్నరలో అయిపోయే పని. కానీ ఆ గంటన్నరా కుడి లేన్ మూసేసి, గంటకి నూటపది కిలోమీటర్ల వేగంతో వచ్చే బళ్ళన్నిటినీ ఎడమ లేన్‌లోకి మళ్ళించాలి. గుంత ఎవడైనా పూడుస్తాడు. ప్రాణగండమంతా మళ్ళించడంలో ఉంది. నారింజరంగు ప్లాస్టిక్ కోన్లు దూరం నుంచే కనబడేలా, బండివాడు తాపీగా పక్కకి తప్పుకునేంత పొడుగున, వాలుగా పెట్టుకుంటూ రావాలి. అవి మొదలయ్యే చోట ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నిలబడాలి.

ఆ మనిషి కబ్దేన్, తోక్తర్‌కి స్వయానా వియ్యంకుడు. తోక్తర్ కూతురు కింబత్‌ని కబ్దేన్ కొడుక్కిచ్చి మూడేళ్ళయింది. అరవయ్యొక్కేళ్ళ కబ్దేన్ అంతకుముందు ట్రాక్టర్ నడిపేవాడు. ట్రాక్టర్ మూలపడ్డాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, "నా దగ్గరికి రండి బావగారూ, నిలబడి జెండా ఊపడమే పని. మీకు ఏమీ కాకుండా చూసుకునే పూచీ నాది," అని తోక్తరే పనిలో పెట్టించాడు. ఆ పూచీ మాట అన్నది కబ్దేన్ భార్య సబీరా ముందు. ఆవిడ చాయ్ పోస్తూ, "ఆ మాట గుర్తుపెట్టుకుంటాను అన్నయ్యగారూ," అని నవ్వింది కూడా.

పొద్దున తొమ్మిదింటికి ఇంజనీరు రౌషన్ ఫోన్ చేసింది. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయిన పిల్ల, పెద్దవాడని అతన్ని ఆగా అని పిలుస్తుంది.

"తోక్తర్ ఆగా, నేనిచ్చిన పటం చూశారా? ఖబరస్తాను గోడ మొదలవక ముందే బళ్ళన్నీ ఎడమ లేన్‌లోకి వచ్చేసెయ్యాలి. గోడకి రెండొందల మీటర్ల ముందునుంచే కోన్లు మొదలుపెట్టండి."

"చూశానమ్మా. దానికి అరవైరెండు కోన్లు కావాలి. నా దగ్గరున్నవి ముప్ఫైఎనిమిది."

"మిగతావి పక్క జట్టు దగ్గర ఉన్నాయి. మధ్యాహ్నానికి పంపిస్తాను. అంతవరకు ఆగండి."

"నేను ఆగుతాను. తారు ఆగుతుందా? లారీ బయల్దేరిపోయింది. మధ్యాహ్నానికి అది తారు కాదు, రాయి."

"అయితే లారీని వెనక్కి పంపెయ్యండి ఆగా. రేపు చేద్దాం," అంది, పెద్దవాడికి చెప్పాల్సివచ్చినందుకు కాస్త మొహమాటపడుతూ.

"సరే, చూస్తాను," అని తోక్తర్ ఫోన్ పెట్టేశాడు. ఇరవయ్యారేళ్ళలో అతను వేడి తారు ఒక్కసారి కూడా వెనక్కి పంపలేదు. కాగితం మీద గీసేవాళ్ళకేం, ఎన్ని కోన్లు కావాలంటే అన్ని ఉంటాయి.

బండి దిగి రోడ్డు పొడుగునా ఒకసారి చూశాడు. కుడిపక్కన ఖబరస్తాను గోడ, గోడ వెనక మట్టి గుమ్మటాలు, ఇనప నెలవంకలు. గోడ మధ్యలో గేటు. గేటు దాటిన దగ్గర్నుంచి కోన్లు మొదలుపెడితే ముప్ఫైఎనిమిదీ సరిగ్గా సరిపోతాయి. ఆలోచించినకొద్దీ అదే మంచిదనిపించింది. అంతేకాదు, ఆ పిల్లకి తట్టనిది తనకి తట్టినందుకు లోపల కాస్త గర్వం కూడా కలిగింది.

"గేటు దాటాక మొదలుపెడదాం బావగారూ," అన్నాడు కబ్దేన్‌తో. "ఖబరస్తాను కనబడితే ఎంత పొగరుబోతు వెధవైనా పాట ఆపేస్తాడు, నోరు మూసుకుంటాడు, ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు. పోలీసువాడికి భయపడనివాడు కూడా చచ్చినవాళ్ళకి మర్యాద ఇస్తాడు. ఈ రోడ్డు మొత్తం మీద మనిషి మనిషిలా ప్రవర్తించే చోటు ఏదన్నా ఉంటే అది ఇదే. పైగా శుక్రవారం. జనం సమాధుల దగ్గరికి వస్తారు. వాళ్ళ గేటుకి అడ్డంగా కోన్లు పెడితే పాపం కూడా."

కబ్దేన్ గోడవైపు చూసి తల ఊపాడు. "నాకేం అభ్యంతరం? మా అమ్మా నాన్నా ఆ గోడవతలే ఉన్నారు. వీడు ఎందుకూ పనికిరాడని బెంగపెట్టుకుని పోయారు. ఇన్నాళ్ళకి కొడుకు ఉద్యోగం చెయ్యడం చూస్తారు." గోడవైపు తిరిగి రెండు అరచేతులూ ఎత్తాడు, పెదవులు కదిలించి దువా చేసి, చేతులతో మొహం తుడుచుకున్నాడు. పక్కనే తోక్తరూ అదే చేశాడు. మిగతా ముగ్గురు పనివాళ్ళూ చేతిలో పారలు కిందపెట్టి అదే చేశారు. ఖబరస్తాను ముందు ఎవరైనా చేసేదే అది.

అక్కడ రోడ్డుకీ గోడకీ మధ్య మొలెత్తు ఇనప కమ్మీ ఉంది. జెండా పట్టుకున్నవాడు ప్రాణం మీదికి వస్తే పక్కకి దూకాలంటే దాన్ని ఎక్కి దాటాలి. పటంలో గీసినచోట కమ్మీ లేదు, ఖాళీ గడ్డి నేల ఉంది. తోక్తర్ ఆ కమ్మీని చూడకపోలేదు. చూసి ఊరుకున్నాడు.

"వాకీటాకీ పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నాను. మా కోడలు నూనెలో వేయించి కట్టిచ్చిన బౌర్సాక్‌లు కూడా పెట్టుకున్నాను. ఓ నాలుగు మీరూ పట్టుకెళ్ళండి బావగారూ, గుంతలో వేస్తే తారు ఖర్చు కలిసొస్తుంది."

"మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దూదిలా చేసేది. మీ ఇంటి పిండిలో ఏముందో మరి."

"మా ఇంటి పిండి ఆడపడుచుల చేతిలో బానే పొంగుతుందండోయ్!" అని కబ్దేన్ జెండా భుజాన వేసుకుని గేటువైపు నడిచాడు. వియ్యంకుల మధ్య ఆ మాత్రం ఎకసెక్కాలు లేకపోతే అది వియ్యమే కాదు. తోక్తర్ నవ్వుతూనే గుంతల దగ్గరికి వెళ్ళాడు.

పదింటికి లారీ వచ్చింది. పెచ్చులు కొట్టడం, దుమ్ము ఊదడం, తారు పొయ్యడం, రోలర్ తిప్పడం. మొదటి గుంత, రెండోది, మూడోది. తారు పొగలు కక్కుతోంది, చేతులు ఆగడంలేదు. ఎడమ లేన్‌లో బళ్ళు వరసగా పోతున్నాయి. అప్పుడప్పుడూ తోక్తర్ తలెత్తి దూరంగా ఎర్రజెండా కదలడం చూసి, మళ్ళీ పనిలో పడుతున్నాడు.

నాలుగో గుంత మీద రోలర్ తిరుగుతుండగా జేబులో వాకీటాకీ గరగరలాడింది.

"బావగారూ, వింటున్నారా?"

"చెప్పండి."

"ఇక్కడ నాకు జరుగుతున్న మర్యాద మామూలుగా లేదు. వచ్చిన ప్రతివాడూ రెండు చేతులూ ఎత్తి, దువా చేసి మరీ పోతున్నాడు. బతికుండగానే నన్ను సమాధిలో ఉన్న మహాత్ముణ్ణి, ఔలియాని చేసేశారు."

తోక్తర్ పకపకా నవ్వాడు. రోలర్ నడిపేవాడికి కూడా చెప్పాడు, వాడూ నవ్వాడు. "మీ అమ్మానాన్నలకి చేస్తున్నారు లెండి. మధ్యలో మీరు అడ్డం."

"అదే నేననేది. మధ్యలో నేనున్నాను." కబ్దేన్ గొంతులో ఇంకా నవ్వు ఉంది. "ఇందాక ఒకడు చివరిదాకా వచ్చి కోన్‌ని రాసుకుంటూ తప్పుకున్నాడు," అన్నాడు.

"జెండా ఇంకాస్త పైకెత్తండి. ఇంకొక్క గుంతే. అరగంట."

"సరే మరి. మీరు మేస్త్రీ, నేను ఔలియాని," అని అతను మాట ఆపేశాడు.

అయిదో గుంతలో సగం తారు పడింది. అప్పుడు వినబడింది, టప్, టప్, టప్ మని. కోన్లు ఒకదాని తర్వాత ఒకటి ఎగిరిపడే చప్పుడు రోడ్డు పనివాళ్ళెవరికీ కొత్త కాదు. ఆ చప్పుడు వినగానే ముందు పరుగెత్తాలి, తర్వాత చూడాలి. పనివాళ్ళు ముగ్గురూ గడ్డిలోకి దూకారు. తోక్తర్ మాత్రం చప్పుడు వచ్చినవైపే పరుగెత్తాడు. పరుగెడుతూ, ఎర్రజెండా కోసం వెతికాడు. కనబడలేదు.

తెల్ల వ్యాను ఒకటి కమ్మీని ఒరుసుకుని ఆగిపోయి ఉంది. రొట్టెల వ్యాను. వెనక తలుపులు ఊడి, రొట్టెలు రోడ్డంతా దొర్లి ఉన్నాయి. ఇంకా వేడిగా ఉన్నాయేమో, వాసన వస్తోంది. రొట్టె తొక్కకూడదు. చిన్నప్పుడు తల్లి నేర్పిన మాట కాళ్ళలో ఉండిపోయింది కాబోలు, తోక్తర్ ఒక్కొక్క రొట్టెనీ తప్పించుకుంటూ, వంకరటింకరగా పరుగెత్తాడు. వియ్యంకుడు అక్కడ పడి ఉంటే తను రొట్టెలు తప్పించుకుంటూ పరుగెత్తాడన్న సంగతి తర్వాత తలుచుకున్నప్పుడల్లా అతనికి తనమీద తనకే అసహ్యం వేసేది.

కబ్దేన్ వ్యానుకీ కమ్మీకీ మధ్య ఉన్నాడు. ఒక చెయ్యి కమ్మీ మీద ఉంది, దాటబోయినవాడిలా. పిలిస్తే పలకలేదు. అతని కోటు జేబులోంచి బౌర్సాక్‌ల పొట్లం సగం బయటికి వచ్చి ఉంది, అందులో ఒక్కటీ తినలేదు. తోక్తర్ అతని తల ఒళ్ళో పెట్టుకుని, "బావగారూ, బావగారూ," అంటూనే ఉన్నాడు, అంబులెన్సు వచ్చేదాకా, వచ్చి లాభం లేదని చెప్పేదాకా.

వ్యాను నడిపినవాడి పేరు యెస్బోల్. ముప్ఫై ఏళ్ళుంటాయి. తాగలేదు. ఫోన్ మాట్లాడలేదు. వేగం కూడా తగ్గించే ఉన్నాడు. రోడ్డు మీద చతికిలబడి, ఎవరు ఏమడిగినా ఒక్కటే చెప్పాడు.

"దువా చేస్తున్నాను. మా నాన్న పోయి ఇంకా ఏడాది కాలేదు. ఖబరస్తాను కనబడితే చాలు, చేతులు వాటంతటవే... అటువైపు చూస్తూ కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఎదురుగా ఆయన. దువా చేస్తున్నాను పెద్దయ్యా. దువా చేస్తుంటే ఇలా జరిగిందేమిటి?"

ఆ ప్రశ్న అతను తోక్తర్‌నే అడిగాడు.

మర్నాడు కబ్దేన్‌ని ఆ గోడవతలే, అమ్మానాన్నల పక్కన పూడ్చారు. ఊరు ఊరంతా వచ్చింది. అందరూ ఒకటే మాట, నుదుటిరాత అని. ముల్లా అదే అన్నాడు, అల్లుడు అదే అన్నాడు. సబీరా తోక్తర్ రెండు చేతులూ పట్టుకుని, "మీరు పనిలో పెట్టబట్టే అన్నయ్యగారూ, ఈ రెండేళ్ళూ ఆయన మనిషిలా తిరిగారు," అని ఏడ్చింది. రాత అన్న మాట ఎంత మెత్తగా ఉంటుందో తోక్తర్‌కి ఆ రోజు తెలిసింది. దాని కింద ఎంతటి పనినైనా దాచేసుకోవచ్చు. అతను దాచుకున్నాడు.

పోలీసుల దగ్గర మాత్రం దాచలేదు. వారం తర్వాత విచారణలో రౌషన్ పటం బల్లమీద పరిచింది. కోన్లు మొదలవ్వాల్సిన చోటు ఒకటి, మొదలైన చోటు ఇంకొకటి.

"ఎవరు మార్చారు?" అన్నాడు విచారణాధికారి.

"నేనే. ఆ పిల్ల ఆ రోజు పని వద్దంది. నేనే వినలేదు," అన్నాడు తోక్తర్. "ఖబరస్తాను దగ్గర అందరూ జాగ్రత్తగా ఉంటారనుకున్నాను."

యెస్బోల్ మీద కేసు తేలికపడింది. తోక్తర్ మేస్త్రీగిరీ పోయింది, అతని మీద వేరే కేసు నడుస్తోంది. విచారణలో ఏం తేలిందో సబీరాకి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఇవేవీ అతన్ని పెద్దగా తాకలేదు. తాకింది, బయటికి వచ్చాక వరండాలో రౌషన్ అన్న మాట. కళ్ళు వాచి ఉన్నాయి ఆ పిల్లకి.

"పటం గియ్యకముందు రెండు రోజులు ఆ గోడ దగ్గర నిలబడి చూశాను ఆగా. ప్రతివాళ్ళూ అక్కడ స్టీరింగ్ వదిలేస్తున్నారు. కళ్ళు కుడివైపుకి పోతున్నాయి, బండి తిరగాల్సింది ఎడమవైపుకి. అందుకే మళ్ళింపు వెనక్కి జరిపాను."

"ఆ ముక్క నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీకు తెలియనిదా అనుకున్నాను," అంది రౌషన్. "మీకు నేను చెప్పేదేమిటని."

తోక్తర్‌కి తెలుసు. పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. ఆ పొద్దున తన రెండు చేతులూ తనే ఎత్తాడు. నిలబడి ఎత్తాడు కాబట్టి, బండిలో కూర్చున్నవాడు అవే చేతులతో ఏం వదిలేస్తాడో అతనికి తట్టలేదు.

కబ్దేన్ పోయిన నలభయ్యో రోజు దగ్గరపడింది. ఆ రోజు పెట్టే భోజనాల సరుకులకి బజారుకి వెళ్ళాలి. కింబత్, అల్లుడూ గొర్రె కొనడానికి వేరే ఊరు వెళ్ళారు, అంచేత సబీరాని తీసుకెళ్ళే పని తోక్తర్ మీద పడింది. తన పాత నీలం కారులో ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. దారి అదే. వేరే దారి లేదు.

గోడ కనబడగానే సబీరా మాట ఆపేసింది. రెండు అరచేతులూ ఎత్తి, చాలాసేపు పెదవులు కదిలించి, మొహం తుడుచుకుంది. పక్కకి తిరిగి చూస్తే తోక్తర్ చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. పిడికిళ్ళు బిగించి పట్టుకుని ఉన్నాడు.

"ఏమిటన్నయ్యగారూ ఇది?" అంది నమ్మలేనట్టు. "దారినపోయే ముక్కూమొహం తెలియనివాళ్ళు చేస్తున్నారు ఆయనకి దువా. మీరు చెయ్యరా?"

"చేతులు రావడంలేదు చెల్లెమ్మా."

"ఎందుకు రావు?"

తోక్తర్ బండి పక్కకి తీసి ఆపాడు. ఆగినచోట రోడ్డు మీద అయిదు నల్లటి అతుకులు ఉన్నాయి. అయిదోది సగమే చదునుగా ఉంది. వాటివైపు చూస్తూ అంతా చెప్పాడు. కోన్లు తక్కువైన సంగతి, తారు చల్లారిపోతుందన్న తొందర, రౌషన్ వద్దన్న సంగతి, గేటు దాటాక మొదలుపెడదామన్నది తనేనన్న సంగతి, ఎందుకలా అనుకున్నాడో ఆ సంగతి. "రాత కాదు చెల్లెమ్మా. నేనే," అన్నాడు.

సబీరా తలుపు తీసుకుని దిగింది. దిగి, రోడ్డు అంచు పట్టుకుని గోడవైపు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. తోక్తర్ నాలుగడుగులు వెనకగా నడిచాడు. మూడొందల మీటర్లు. ఆ రోజు పరుగెత్తినప్పుడు ఎంత దూరమో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

కమ్మీలో ఒక ముక్క కొత్తది, ఇంకా మెరుస్తోంది. సబీరా కమ్మీ ఎక్కి అవతలికి దిగి, ఆ కొత్త ముక్క వెనక నిలబడింది. తోక్తర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇరవయ్యారేళ్ళు ఆ రోడ్డు మీద పనిచేశాడు, కానీ ఆ గోడ ముందు, వచ్చే బళ్ళకి ఎదురుగా ఎప్పుడూ నిలబడలేదు.

ముందు ఒక కారు వచ్చింది. అద్దం వెనక ఇద్దరు మొగాళ్ళు. గోడ దగ్గరికి రాగానే నడిపేవాడి చేతులు రెండూ పైకి లేచాయి, మొహాన్ని కప్పేశాయి. కారు దానంతటదే ముందుకు దొర్లిపోయింది. తర్వాత ఒక లారీ, ముసలి డ్రైవరు. రెండు చేతులూ. తర్వాత పిల్లల్ని వెనక ఎక్కించుకున్న ఒకావిడ. రెండు చేతులూ. ఆ తర్వాత బస్సు. ఒకదాని వెనక ఒకటి, ఎదురుగా వాళ్ళమీదికే వస్తున్నట్టు వచ్చి, దగ్గరికి రాగానే చేతులు లేచి, కళ్ళు మూతపడి, స్టీరింగ్ మీద ఎవరూ లేకుండా పోతున్నాయి. ఒక్కడంటే ఒక్కడు తప్పలేదు. అంతా భక్తిగా, ఎంతో మర్యాదగా జరుగుతోంది.

తోక్తర్ కమ్మీ పట్టుకున్నాడు.

సబీరా బళ్ళవైపే చూస్తోంది. తల తిప్పకుండానే అడిగింది.

"ఆయన గంటకి పైగా ఇక్కడే నిలబడ్డారు కదా అన్నయ్యగారూ. ఇదంతా చూసే ఉంటారు. మీకు చెప్పలేదా?"

"చెప్పారు చెల్లెమ్మా," అన్నాడు తోక్తర్. "నేను నవ్వాను."